గుత్త బేరం

పోయినేడు మమ్మల్ని విడిచిపోయిన మా అమ్మ సోమ్లీ, తండాలో నాట్ల కూలీలకు పెద్ద. రైతులతో ఎకరానికింతని గుత్త మాట్లాడేది ఆమే. శుక్లాలు ముదిరి నారు కనబడకుండా పోయినప్పుడు, ఆపరేషన్ ఖర్చు విని మహబూబాబాద్ నుంచి ఊరికే తిరిగొచ్చింది. వారం తర్వాత తనలాంటి ఐదుగురిని వెంటేసుకుని అదే దవాఖానకు వెళ్లింది.

"ఆరుగురం సారూ, మనిషికొక కన్ను. గుత్తకు ఎంతకు జేస్తవ్?"

డాక్టరు నవ్వాడు. "కండ్లంటే నాట్లనుకున్నవా అవ్వా?"

"నాట్లయితే నీతోనేం పని? మేమే ఏసుకుందుము."

ఆయన బాగా తగ్గించాడు. నాటు ముగిశాక ఆఖరున గట్టెక్కేది పెద్దే. ఇక్కడా అమ్మే చివర చేయించుకుంది. మర్నాడు కట్టు విప్పగానే ఐదుగురి కళ్లలోకీ వంగి చూసి, పని బాగుందని తలూపి, నా వైపు తిరిగింది.

"హరీశ్, గింత చిక్కినవేందిరా? ఒక్కలు గూడ చెప్పలే నాకు."