తోమిన తూనికరాళ్లు

వీధిలో ఆయన్ని అందరూ తక్కెడాయన అనే పిలుస్తారు. తూనికల ఆఫీసులో ఉద్యోగం. కొట్టుకొట్టుకీ తిరిగి తక్కెడలు, రాళ్లు సరిచూడటం పని. ఆయన సంచీ వీధి మొదట్లో కనబడితే చాలు, దొంగతూకం వాళ్లకి పై ప్రాణాలు పైనే పోయేవి. పెళ్లీ పెటాకులూ లేవు. తల్లి చిన్నప్పుడే పోతే వదినే పెంచి పెద్ద చేసింది. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే.

ఆ వదిన భర్త, అంటే ఈయన అన్న, ఎక్కడో నడిసముద్రంలోని దీవులకి దీపస్తంభం బాగుచేసే పని మీద వెళ్లాడు. అక్కడ జ్వరం తగిలి పోయాడు. వానాకాలం, ఓడలు తిరగవు. ఇక్కడే పాతిపెట్టేశాం అని కబురు మాత్రం వచ్చింది. అదీ ఒక కబురేనా చెప్పండి! వదిన ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు.

"మనిషిని చూడలేదు, మట్టినీ చూడలేదు. ఎవరో చెబితే ఏడ్చేయడమేనా?" అనేది.

ఏళ్లు గడిచిపోయాయి. తలుపు చప్పుడైతే ఇప్పటికీ ముందు లేచేది ఆవిడే. వెళ్లి చూసొద్దామంటే మామూలు మనుషులకి ఆ దీవులకి అనుమతి లేదు. ప్రభుత్వం పని మీద వెళ్లేవాళ్లకే ఓడలో చోటు.

చివరికి, ఇక రిటైరవుతాడనగా, దీవుల్లోని దుకాణాల తక్కెడలు సరిచూసి రమ్మని ఆయనకి ఆర్డరు వచ్చింది. ఆ మాట వినగానే వదిన చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నువ్వు చూసొచ్చి చెప్పు. చూశాను వదినా అను, చాలు. నమ్ముతాను. ఇంకెవడు చెప్పినా నమ్మను."

"నేను చెబితే నమ్ముతావా?"

"నీకు అబద్ధం నేర్పలేదుగా నేను!"

ఇక ఇంట్లో ఒకటే హడావుడి. దీవుల్లో దోమలు మనుషుల్ని ఎత్తుకుపోతాయట అని వదిన పాత దోమతెరకి చిరుగులన్నీ కుట్టింది. జ్వరం రాకుండా ముందునుంచే మింగాల్సిన మాత్రలు చేదుగా ఉన్నాయని ఆయన మొహం చిట్లిస్తే, "చాల్లే సంబడం! ఈ వయసులో గారాలు" అని మంచినీళ్లు అందించింది. టీకా వేయించుకుని చెయ్యి వాచి పడుకుంటే పక్కనే కూర్చుని విసిరింది. ఆవిడ అంత గలగలా మాట్లాడటం విని ఎన్నాళ్లయిందో. ఆయనకి సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది. చూశాను వదినా అన్నాక ఈ మనిషి ఏమైపోతుందో?

ప్రయాణానికి ముందురోజు, సామానుతో కలిపి సర్దుకోవచ్చని తూనికరాళ్ల పెట్టె ఇంటికి తెచ్చాడు. అవి మామూలు రాళ్లు కావు. మిగతా రాళ్లన్నిటికీ అవే సాక్ష్యం. ఇత్తడివి. పరీక్షశాలలో తూచి, సరే అనిపించుకుని వచ్చినవి. వాటిని ఒట్టి చేత్తో ముట్టకూడదు, గుడ్డతో పట్టుకోవాలి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఈ సంగతి వదినకి చెప్పాల్సిన పని పడలేదు. పెట్టె బల్లమీద పెట్టి, ఆఖరి సూది వేయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి రాళ్లన్నీ వరసగా కిటికీలో ఉన్నాయి. కొత్త బంగారంలా ధగధగలాడుతున్నాయి.

"నల్లగా మకిలి పట్టి ఉన్నాయిరా. అంత దూరం పోతూ మీ అన్న దగ్గరికి ఇలాంటివా పట్టుకుపోయేది? నిమ్మకాయా బూడిదా పెట్టి చేతులు నొప్పి పుట్టేలా తోమాను. ఎలా ఉన్నాయి?"

బూడిదతో తోమితే ఇత్తడి అరుగుతుంది. కంటికి తెలియదు, తక్కెడకి తెలుస్తుంది.

"బాగున్నాయి వదినా" అన్నాడు. వాటిని గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టుకుని, మళ్లీ ఆఫీసుకి పోయాడు.

పెద్దసారు మంచివాడు. సున్నితపు తక్కెడలో ఒక్కొక్కటీ వేసి చూశాడు. అన్నీ తగ్గాయి.

"చెప్పకపోతే నాకు తెలిసేదా? ఎందుకు చెప్పావయ్యా?" అన్నాడు బాధగా.

"వీటితో సరిచూస్తే అక్కడి తక్కెడలన్నీ తప్పయిపోతాయి సార్. పాపం, కొనుక్కునేవాళ్లు..."

మళ్లీ పరీక్షశాలకి పంపి తెప్పించేలోపు ఓడ వెళ్లిపోతుంది. ఇంకో ఆఫీసునుంచి, ఇంకో పెట్టెతో, ఇంకెవరో వెళతారు. మళ్లీ ఓడ కదిలేసరికి ఈయన ఉద్యోగంలో ఉండడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే అన్నాడు: "ప్రయాణం ఆగిపోయింది వదినా. ఆర్డరు మార్చేశారు."

దోమతెర మడత పెడుతున్న వదిన తలెత్తింది. ఖాళీ చేతుల్ని చూసింది.

"పెట్టె ఏదిరా?"

"ఆఫీసులో ఉంచేశారు."

"నేను తోమాననేనా?"

"కాదు వదినా."

ఆయన మొహంలోకి ఆవిడ చాలాసేపు చూసింది. ఆ మొహం ఆవిడకి తెలియనిదా? మెల్లగా నేలమీద కూలబడింది.

"నా చేతులారా నేనే... అయ్యో, నా చేతులారా..." అంటూ నోట్లో కొంగు కుక్కుకుంది. అయినా ఆగలేదు. కబురొచ్చిన రోజున ఏడవని మనిషి, ఇన్నేళ్లూ ఏడవని మనిషి, మొగుణ్ణి ఏమని పిలిచేదో ఆ పిలుపుతో పిలుస్తూ, ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చేలా ఏడ్చింది.

ఏమైంది, ఎవరు పోయారు అని అడిగారు వాళ్లు.

"మా అన్నయ్య" అన్నాడు తక్కెడాయన.