మేనత్తతో ఒకే బెంచీలో

పోయిన గురువారం పొద్దున మా మేనత్త చనిపోయింది. నేను వేలూరు పక్కన సత్తువాచారిలో ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళి, ఎప్పుడు పిలుస్తారా అని బయట కూర్చుని ఉండగా నాన్న ఫోను చేశాడు.

"అత్త పోయిందమ్మా. కాఫీ తాగతా ఉన్నింది. పిహెచ్‌డీకి కూడా వయసు అడగతారా అని నన్ను అడిగింది. నాకేం తెలుసక్కా అనేలోపలే తల వాల్చేసింది."

గుండె ఆగిపోయిందట. మంచాన పడలేదు, ఎవరి చేతా ఒక్క రోజు చేయించుకోలేదు. నేను ఇంటర్వ్యూ వదిలేసి బయలుదేరాను. దారంతా ఏడ్చాను. కానీ మధ్యలో ఆ పిహెచ్‌డీ ప్రశ్న గుర్తొచ్చి ఫక్కున నవ్వు వచ్చింది. పక్కన కూర్చున్నావిడ నన్ను అనుమానంగా చూసింది. మీరూ అలాగే చూస్తారేమో, చూడండి. మా అత్త గురించి దిగులుగా రాయడం నాకు చేతకాదు. ఆ మనిషి హుషారు అలాంటిది.

ఆమె నాన్నకు అక్క. తమిళనాడు గుడియాత్తంలో మా వీధంతా లుంగీలు నేసే తెలుగువాళ్ళం. అందులోంచి మగ్గం వదిలి లెక్కల టీచరయింది అత్త. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక దొరకలే" అనేది. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, చదవగలిగిన ఇల్లు కావాలంటే మాత్రం వెతుక్కోవాలి. చిన్నప్పుడు కొన్నాళ్ళు చిత్తూరులో మేనమామ ఇంట్లో ఉండి అక్షరాలు దిద్దిన అత్త వాటిని నాకూ నేర్పింది. ఇప్పుడు మీకు ఈ నాలుగు మాటలు తెలుగులో రాస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే.

నా డిగ్రీ అయ్యాక వేలూరులో ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్సు చదవాలనుకున్నాను, అందులో డేటా సైన్సు ప్రత్యేకంగా. దరఖాస్తు తెచ్చి ఇంట్లో పెట్టాను. ఆ ఏడే అత్త ముందుగా పదవీ విరమణ తీసుకుంది. కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది.

"ఈడ వయసు రాయమని ఉండాది. ఎక్కువుంటే రావద్దని యాడా లేదే!" అంది.

మాకు అర్థమయ్యే లోపలే తనకూ ఒక దరఖాస్తు తెప్పించేసుకుంది. నాన్న తల పట్టుకున్నాడు. "అక్కా, ఈ వయసులో మేనకోడలి పక్కన కూర్చొని చదవతావా? వీధి నవ్వదా?"

"నవ్వనీలే అప్పా. పావం, వాళ్ళకి మాత్రం పొద్దు ఎట్ల పోతాది?"

బీఎస్సీ లెక్కలు ముగించిన రోజునుంచీ పై చదువు చదవాలని ఆమెకు ఆశ. స్కూల్లో ఉద్యోగం రావడంతో అది వెనకబడింది. పిల్లలకు లెక్కలు చెబుతూ చెబుతూ దాన్ని మరిచిపోయిందని మేమంతా అనుకున్నాం. మరిచిపోలేదు, దాచుకుంది.

మొదటి రోజు మేమిద్దరం క్లాసులోకి అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి నిలబడి వణక్కం చెప్పారు. అత్తకు అలవాటైన గౌరవం కదా, చేత్తో కూర్చోమని సైగ చేసి, వెనక బెంచీలో చొక్కా గుండీ పెట్టుకోని ఒకడిని మందలించి, ఆ తర్వాత నా పక్కన మొదటి బెంచీలో వచ్చి కూర్చుంది. క్లాసంతా నోరు వెళ్ళబెట్టింది.

అసలు తమాషా అది కాదు. కాసేపటికి వచ్చిన కుర్ర లెక్చరరు మా పక్క వీధివాడే. ఎనిమిదో తరగతిలో అత్త దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు. హాజరు పిలుస్తూ అత్త పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. పేరు పెట్టి పిలవడానికి ఆయనకు నోరు రాలేదు. చివరికి మెల్లగా "టీచర్" అన్నాడు. అత్త టక్కున లేచి "ఉండాను సార్!" అంది. చదువు ముగిసేదాకా ఆ హాజరు పట్టీలో ఆమె పేరు పలికినవాడు లేడు.

గుడియాత్తంనుంచి వేలూరికి దగ్గరి స్టేషను కాట్పాడికి రోజూ పాసింజరు రైల్లో వెళ్ళేవాళ్ళం. ఆ రైలే మాకు రెండో క్లాసు. ఒళ్ళో ల్యాప్‌టాపు పెట్టుకుని అత్త ప్రోగ్రాము రాసేది. తప్పు చేస్తే ఎర్రటి అక్షరాల్లో మెషీను చెప్పేది కదా, నాకు ఆ ఎరుపు చూస్తే ఒళ్ళు మండేది. అత్తకు ముచ్చట.

"చూడమ్మీ, తప్పు ఏ వరసలో ఉండాదో కూడా చెప్తాది! మా పిల్లకాయలకి నేనే ఇంత ఓపికగా చెప్పలే."

పని ముగించి మూత వేశాక రెండు చేతులూ దులుపుకునేది. అన్నేళ్ళ సుద్దముక్క అలవాటు, దుమ్ము లేకపోయినా పోలేదు. ఏదైనా అర్థం కాకపోతే సిగ్గుపడేది కాదు. "తెలియలేదని గట్టిగా చెప్పు, సగం తెలిసిపోతాది" అనేది. ఒకసారి లత్తేరి స్టేషనులో రైలు ఆగినప్పుడు ఒక లెక్క తెగింది. ఆ సంతోషంలో కిటికీలోంచి మల్లెపూలు కొని, ఎదుటి సీటులో ఎవరో ముక్కూ మొహం తెలియని ముసలావిడకు కూడా తుంచి ఇచ్చింది. ఎందుకని ఆమె అడగలేదు, తలలో పెట్టుకుంది.

చివరి సెమిస్టరు ప్రాజెక్టు మేమిద్దరం కలిసి చేశాం. ఆలోచన అత్తదే. నేసిన బట్టను ఫోనులో ఫోటో తీస్తే, యాడ పోగు తెగిందో, యాడ పడుగులో పేక తప్పిందో కంప్యూటరు కనిపెట్టి చెప్పాలి. బట్ట మగ్గం మీద ఉండగానే తెలిస్తే సరిదిద్దుకోవచ్చు. మా వీధికి ఇంతకంటే పనికొచ్చే ప్రాజెక్టు ఏముంటుంది? ఆమె ఇల్లిల్లూ తిరిగి బట్టలు అడిగింది, నేను ఫోటోలు తీశాను. అందరూ ఆనందంగా ఇచ్చారు. కంప్యూటరుకు నేర్పి పరీక్ష పెడితే అది ఒక్కటీ తప్పు పోలేదు. అత్త ల్యాబులోనే చప్పట్లు కొట్టింది.

ఆ కుర్ర సారు ఫోటోలన్నీ ఒకసారి తిప్పి చూశారు. "టీచర్, దీంట్లో తప్పున్న బట్ట ఒకటన్నా ఉండాదా?" అన్నారు.

లేదు. వెతికి వెతికి చూశాం, నిజంగానే లేదు. కంప్యూటరు ఏ బట్ట చూపినా బాగుందని చెబుతోంది, అన్నీ బాగున్నవే కాబట్టి మార్కులు కొట్టేస్తోంది!

ఇది మావాళ్ళు మాత్రమే చేయగల ఘనకార్యం. నేసే ఇంట్లో తప్పున్న బట్టను పరాయివాళ్ళకు చూపరు. అందులోనూ టీచరమ్మ ఫోటో తీయడానికి వస్తుందంటే ఊరుకుంటారా? తెగిన పోగులు సూదితో కలిపారు. కలపలేనివి పెట్టె అడుగున దాచారు. ఒక అవ్వయితే గంజి పెట్టి ఇస్త్రీ చేయించి మరీ ఇచ్చింది. "తప్పులుండేది ఇయ్యండి" అని మేము అడిగిన మాట నిజమే. మా ఇంట్లో తప్పులెందుకుంటాయని వాళ్ళు మనసులో నొచ్చుకున్న మాటా నిజమే.

ప్రాజెక్టు సమీక్ష జరిగేలోపల తప్పున్న బట్టలు దొరక్కపోతే దాన్ని ఒప్పుకోరనీ, సెమిస్టరు మళ్ళీ చదవాలనీ సారు బాధపడుతూనే చెప్పారు. ఆ సాయంత్రం రైల్లో అత్త ల్యాప్‌టాపు తెరవలేదు. "నువ్వు ఇంకొకతూరి చదవచ్చు అమ్మీ. నాకు ఆ తీరిక ఉండాదో లేదో" అంది. ఆమె నోట భయం వినడం నాకు అదే మొదటిసారి.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే లేచి చూద్దును కదా, అత్త భుజాన ఒక పాత లుంగీ వేసుకుని వీధిలోకి బయలుదేరుతోంది. చిన్నపిల్లగా మగ్గం నేర్చుకునేటప్పుడు ఆమె నేసిన మొదటి లుంగీ అట. వెక్కిరించడానికి మా అవ్వ దాచి ఉంచిందట. గళ్ళు ఒకవైపుకు వాలిపోయి, చిల్లులు పడి, అబ్బో, చూడలేం. అత్త వీధి నడుమ నిలబడి దాన్ని రెండు చేతులతో చాచి పట్టుకుంది.

"అమ్మల్లారా, అప్పల్లారా, ఇది నేను నేసింది! దీనికంటే ఘోరం మీ ఇంట్లో ఉంటే తీసుకరండి, చూస్తాం!"

ముందు నవ్వులు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మగ్గాల చప్పుడు ఆగింది. ఎదురింటి పిన్నమ్మ గడపలోకి వచ్చి, "ఇదేం ఘోరం అక్కా? పెండ్లయిన కొత్తలో మా ఆయన నేసింది చూడు, నన్ను చూస్తా నేసినాడు!" అంటూ పరుగెత్తుకెళ్ళి ఒక బట్ట తెచ్చింది. వెనకాలే ఆ ఆయన, "అది యాడ దాచినావే?" అని లబోదిబోమంటూ వచ్చాడు. ఇక చూడండి, వీధికి వీధే పోటీకి దిగింది. గంజి అవ్వ కూడా ఊరుకోలేదు, పెట్టె అడుగునుంచి తీసుకొచ్చి, "నాది ఓడిపోతాదా?" అని అడిగింది. అరుగు మీద అత్త తీర్పరి, నేను ఫోటోగ్రాఫరు. ప్రతి తప్పుకూ ఒక కథ. ఇది బిడ్డకు జ్వరమొచ్చిన రోజుది, ఇది తమ్ముడితో మాట పట్టింపు వచ్చిన రోజుది.

నాన్న మాత్రం లోపలే కూర్చున్నాడు. ఆయన నేతలో తప్పు ఉండదని వీధంతా చెప్పుకుంటుంది. ఎండ ఎక్కాక ఒక మూట తెచ్చి అక్క ముందు పెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు. "ఈ పిల్ల పుట్టిన రోజుది. చెయ్యి నిలవలే."

నేను ఆ ఫోటో సరిగా తీయలేకపోయాను. అత్తే ఫోను తీసుకుని తీసింది.

ఆ బట్టలతో మళ్ళీ నేర్పితే కంప్యూటరుకు మార్కులు తగ్గాయి, కానీ తప్పుల్ని పట్టుకోవడం మొదలుపెట్టింది. "ఇప్పుడే నిజం మాట్లాడతా ఉండాది" అని అత్త మురిసిపోయింది. సమీక్ష దాటాం. గత నెల వైవా కూడా అయింది. బయటినుంచి వచ్చిన పెద్దాయన, ఈ వయసులో ఈ చదువుతో ఏం చేస్తారమ్మా అని అడిగితే, "మొదలుపెట్టింది ఇప్పుడే కదా సార్, కొంచెం ఆగి అడగండి" అని నవ్వించింది.

ఫలితాలు నిన్న వచ్చాయి. ఇద్దరం పాసయ్యాం, అత్తకు మొదటి తరగతి. నాన్న ఆ మాట విని, "పావం, తెలుసుకోకుండానే పోయిందే" అన్నాడు.

నేను కాదన్నాను. వైవా అయిన సాయంత్రం మాకు రైలు తప్పిపోయి బస్సెక్కాం. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగితే అత్త, "నేను ఎమ్మెస్సీ పాసయినాను నాయనా!" అంది. అతను బిత్తరపోయి, సంతోషమమ్మా, దిగేది యాడ అని మళ్ళీ అడిగాడు. బస్సంతా నవ్వింది. నేను చెయ్యి పట్టి లాగి, "అత్తా, రిజల్టు ఇంకా రాలేదు" అన్నాను.

"అది వాళ్ళకి రావల్ల అమ్మీ. నాకు వచ్చేసింది" అంది.

కూర్చోమన్నా కూర్చోలేదు. పైకడ్డీ పట్టుకుని, కిటికీ గాలికి ముంగురులు ఎగురుతుంటే, ఎక్కినవాళ్ళందరికీ చెబుతూ నిలబడింది. గుడియాత్తం వచ్చేదాకా నా పక్క సీటు ఖాళీగానే ఉంది.