పెద్దమనిషి అయ్యాక వేయిద్దాం

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. ఒక మనిషి. అంతకు ముందే ఆమె గర్భసంచి, నడుము దాటిన జడ, అన్నం రుచి, బహ్రెయిన్‌లో పదిహేడేళ్లుగా చేస్తున్న ఇంటిపని. వాటితో పాటు ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లు ఆమె బతికినవి కావు. ముప్పై దాటని ఆడవాళ్లను ఇంటిపనికి పంపరని, ఇరవై నాలుగేళ్ల మనిషిని పాస్‌పోర్టులో ముప్పై రెండు చేశాడు ఏజెంటు. మా గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి ఇలా రెండు వయసులున్నాయి. అందరికీ పెద్ద వయసే చెప్పీ చెప్పీ, చివరికి ఆమె కూడా అదే నమ్మింది. నెల మధ్యలో నెత్తురు కనిపిస్తే, "యాభై దగ్గరపడ్డాయి కదే, ఆగిపోయే ముందు ఇలాగే ఉంటదిలే" అంది. అప్పుడు ఆమె అసలు వయసు నలభై ఒకటి. ఏ వయసులోనైనా అలా కనిపిస్తే చూపించుకోవాలని మాకెవరికీ తెలియదు. ఆసుపత్రికి వెళ్లేసరికి గర్భాశయ ముఖద్వారం దగ్గర మొదలైన క్యాన్సర్ చుట్టూ పాకేసింది.

ఆమెను మేమందరం అక్క అనేవాళ్లం. ఆమె సొంత చెల్లెలు, నేను రాజధాని మనామాలో ఒకే ఫ్లాటులో పక్కపక్క గదుల్లో ఉంటాం. అక్క పోయేనాటికి ఆ చెల్లెలి కూతురికి పదమూడు నిండాయి. విజిట్ వీసా మీద తల్లి దగ్గరకు వచ్చి, గడువు దాటినా ఉండిపోయిన పిల్ల. బడి లేదు. పనులకు వెళ్లేవాళ్ల పసిపిల్లల్ని చూసుకుంటూ గదిలోనే ఉండేది. ఈసా టౌన్ వెళ్లే బడి బస్సు మా సందు చివర ఆగితే, అది కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడేది.

నేను బడిలో చదివింది తక్కువ. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. చుట్టుపక్కలవాళ్ల వీసా గడువులు, ఓవర్‌టైం గంటలు నేనే చూసిపెడతాను. అక్క పోయాక ఒక శుక్రవారం మలయాళీ నర్సు ఒకామె మా బిల్డింగ్‌కు వచ్చింది. కాగితాలు లేని ఆడపిల్లలకు కూడా హెచ్‌పీవీ టీకా వేసే ఏర్పాటు చేశామని హిందీలో చెప్పింది. అక్కకు వచ్చిన జబ్బుకు మూలం ఒక వైరసట. ఒంట్లో చేరాక పదేళ్లు, ఇరవై ఏళ్లు కూడా చప్పుడు చేయకుండా ఉండగలదట. అది చేరకముందే టీకా పడాలి. పదిహేను లోపు మొదలుపెడితే రెండు డోసులు, దాటితే మూడు.

నేను అక్క అసలు వయసులోంచి ఇరవై తీసేశాను. ఇరవై ఒకటి వచ్చింది. ఆమె విమానం ఎక్కకముందే అది లోపల కూర్చుని ఉండొచ్చు. గది నిండా ఆడవాళ్లం ఉన్నాం. ఒక్కొక్కరి మొహం చూస్తూ అదే తీసివేత చేయబోయి, భయమేసి ఆపేశాను.

నర్సు వెళ్లాక చెల్లెలు నా మీద పడింది.

"వదినా, నీకు లెక్కలు తప్ప ఇంకేం పట్టవా? అదింకా పెద్దమనిషే అవలేదు. దానికి గర్భసంచి సూదేంటి?"

"గర్భసంచికి కాదే, భుజానికి."

"భుజానికేస్తే కిందకెలా దిగుద్ది?"

"పోలియో చుక్కలు నోట్లో వేయించావు కదా, కాళ్లకెలా దిగాయి?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, అంతలోనే మొహం ముడుచుకుంది. "రేపు పిల్లలు పుట్టకపోతే నువ్వొచ్చి సమాధానం చెప్తావా?"

"అలాంటిదేం లేదని నర్సమ్మ చెప్పింది. మీ అక్కని చూశాక కూడా ఇదేం మాటే?"

"అక్క పేరెత్తకు. పెద్దమనిషి అయ్యాక వేయిద్దాంలే."

మూలనున్న పిల్ల నెమ్మదిగా అడిగింది. "నొప్పి పుడద్దా అత్తా?"

"చీమ కుట్టినట్టుంటది."

"అయితే నేను వేయించుకుంటా."

"నిన్నడిగారా?" అంది తల్లి.

టీకా వేసే శుక్రవారం వచ్చింది. తల్లి తలుపు తీయలేదు. కింద నర్సు తెచ్చిన టీకా వ్యాను కాసేపు ఆగి వెళ్లిపోయింది.

చలికాలం రాకముందే పిల్ల పెద్దమనిషి అయింది. తల్లి నువ్వులు, బెల్లం దంచి గది గదికీ చిమ్మిలి పంచింది. నా చేతిలో ముద్ద పెట్టగానే, "ఇప్పుడు వేయిద్దామా?" అన్నాను.

"మైలలో సూదేంటి వదినా? ఫంక్షన్ కానీ."

ఆ ఫంక్షన్ కోసం జరిమానా కట్టి పిల్లను ఊరికి తీసుకెళ్లింది. తిరిగి ఒక్కతే వచ్చింది. ఫోన్‌లో ఫొటోలు చూపించింది. పట్టుచీర బరువుకు పిల్ల భుజాలు వంగి ఉన్నాయి. ఆ ఫొటోల్లో నాకు కనిపించింది అక్క నుదురు, అక్క పలువరుస.

"అక్కడైనా వేయించావా?"

"ఇంటి నిండా చుట్టాలు. కుదర్లేదు. అయినా మా అన్నయ్య వాళ్లబ్బాయికి అడుగుతున్నారు వదినా. పద్దెనిమిది నిండాక చేస్తామన్నాం. ఇప్పుడు ఇలాంటి సూది అంటే, పిల్లకేదో జబ్బుందనుకోరూ?"

మాల్‌లో నేల తుడుస్తూ రెండు రోజులు అదే ఆలోచించాను. అక్క దగ్గరా ఇలాగే జరిగింది. వీసాకు వయసు తక్కువైంది, నెత్తురు కనిపించినప్పుడు ఎక్కువైంది, ఏ వయసులోనూ చూపించుకునే రోజు రాలేదు.

పోయిన నెల పిల్లే ఫోన్ చేసింది, అమ్మమ్మ ఫోన్ నుంచి, గుసగుసగా. "అత్తా, నాకు పదిహేను నిండాయి. ఆ సూది ఇంకా పనిచేస్తదా?"

"చేస్తదమ్మా. ఆలస్యమైనా చేస్తది. అమ్మతో నేను మాట్లాడతా."

మాట్లాడాను. సంబంధం ఖాయం కానీ, తర్వాత చూద్దాం అంది. నిన్న అడిగితే చెప్పులు వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆ పిల్లకు మేము రెండు డోసులు బాకీ ఉండేవాళ్లం. ఒక్కటీ పడలేదు. పదిహేను నిండిన రోజున ఆ బాకీ పెరిగింది. ఈ రోజుకి మూడు.