మూత వేసింది నేనే

నా బిడ్డ మీద నేను కత్తెర విసిరాను. నేను బీడీలు చుడతాను. అది బీడీ ఆకు కత్తిరించే కత్తెర, మొన సూదిలా ఉంటుంది. ఆమె కుడి అరచేయి చీరుకుపోయింది. నెత్తురు లాప్‌టాప్ మీటల మీద పడింది. నేను ముందు చూసింది మీటలనే. ఆ సంగతి దాచను.

నిజామాబాద్‌లో ఒక ప్రెస్సువాళ్లు ఆమెకు తెలుగు పుస్తకం టైపు చేసే పని ఇచ్చారు. శుక్రవారం పొద్దున అందితే పని ఆమెకే నిలుస్తుంది, లేకుంటే ఇంకొకరికి పోతుంది. మాది పాత లాప్‌టాప్, దాన్ని నడిపేది లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్. పొద్దున మంచిగా నడిచేది. అన్నం తిని వచ్చి మళ్లీ మొదలుపెడితే పది నిమిషాల్లో పెనంలా కాలి, దానంతట అదే ఆరిపోయేది. బుధవారం మూడోసారి ఆరింది. కొట్టిన నాలుగు పేజీలు పోయాయి.

"నీ తంబాకు దుమ్మేనవ్వా! ఫ్యాన్‌ల జొచ్చింది. ఇల్లా ఇది, గోదామా?" అని అరిచింది నా బిడ్డ.

"గా తంబాకే నిన్ను సదివిపిచ్చిందే! పాటలు ఇని ఇని నువ్వే కరాబ్ జేసినవ్."

"నీకేం దెలుసు? మొన్న మొన్న అఆలు నేర్సుకున్నవ్."

నలభై దాటాక పలక పట్టినదాన్ని. ఆ మాట తగిలింది. చేతిలో ఉన్నది విసిరాను.

బోధన్ ఆస్పత్రిలో నాలుగు కుట్లు వేశారు. ఎట్లా తెగిందని నర్సు అడిగితే "ఆకు కోస్తుంటె తెగింది" అని నా బిడ్డ చెప్పింది. నా వైపు చూడలేదు.

అక్కడి నుంచి బస్టాండు దగ్గరి రిపేరు దుకాణానికి పోయాము. అతను వెనక పలక విప్పి చూశాడు. దుమ్ము చిటికెడు కూడా లేదు. నల్లటి తెర మీద వేడి చూపించే అంకె తెప్పించాడు. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, అంకె యాభై. మూత వేసి తెరిచాడు. ఫ్యాన్ తిరగలేదు. అంకె చూస్తుండగానే తొంభైకి ఎక్కింది.

"మూత ఏస్తె ఇది పండుకుంటది. లేసినంక లైనక్స్‌కు ఫ్యాన్ తిప్పుడు యాదికుంటలేదు. మధ్యల మూత ఎవలేస్తుండ్రక్కా?"

మా ఇంట్లో బీడీల్లో నింపే తంబాకు పొడి చాట ముందుకు లాగామంటే, దుమ్ము పడకుండా అన్నింటికీ మూత పడాలి. బిందెకు, కూర గిన్నెకు. బిడ్డ అన్నానికి లేవగానే దీనికీ వేసేదాన్ని. రోజూ వేశాను.

"నేనే," అన్నాను.

"ఏసింది ఆమె, కుట్లు నాకు. మంచిగున్నదా అన్నా?" అని నవ్వింది నా బిడ్డ. ఆ నవ్వు కంటే తిట్టినా బాగుండేది.

మూత వేసినా మిషన్ పడుకోకుండా అతను సెట్టింగుల్లో ఒక వరుస మార్చి ఇచ్చాడు.

చేతికి కట్టుతో ఆమె టైపు చేయలేకపోయింది. మరునాడంతా మిగిలిన పేజీలు ఆమె చదివింది, నేను ఒక్క వేలితో కొట్టాను. మీటల మీద తెలుగు అక్షరాలు అంటించి ఉన్నాయి. ఒక్కో అక్షరం వెతికి గుద్దాను. నన్ను నేను కొట్టుకున్నట్టే.

"మెల్లగ కొట్టు. గది నీ బిడ్డ గాదు."

పుస్తకం శుక్రవారం పొద్దున అందింది, పని ఆమెకే నిలిచింది. కానీ రెండో పుస్తకం ఆమె ఇంటికి తేలేదు. ప్రెస్సులోనే కూర్చుని చేస్తానని అడిగి, రోజూ నిజామాబాద్ బస్సెక్కింది. ఎందుకని నేను అడగలేదు. ఆమె చోట ఉంటే నేనైనా పోయేదాన్ని.