యాకోబు మామ గురి

మా యాకోబు మామ జన్మలో ఎవరికీ ఏదీ చేతికి అందించలేదు. విసిరేవాడు. నీళ్ళడిగితే చెంబే గాల్లో వచ్చేది. దాహం తీరకముందే తల తడిసేది. గుడిలో పాటల పుస్తకం అడిగినందుకు ఒకసారి పాదిరి అయ్యగారి కళ్ళజోడు పోయింది.

విసరడంలో తప్పులేదు. రాచర్ల చుట్టుపక్కల ఆయనంత చెయ్యి ఎవరికీ లేదు. వాగు ఇవతల నిలబడి అవతలి గట్టు మీది గొర్రెను అదిలించేవాడు. అయితే ఆ రాయి గొర్రెకు తప్ప మిగతా అన్నిటికీ తగిలేది. మామ చెయ్యి పైకి లేచిందంటే, ఆయన ఎవరిని చూస్తున్నాడో వాళ్ళు నిశ్చింతగా ఉండేవాళ్ళు. పక్కవాళ్ళు పరుగెత్తేవాళ్ళు.

నా భార్య ఎలీషబా పోయిన ఈ ఏడాదిగా కోడలు నాకన్నీ చేతికే అందిస్తోంది. ఒక్క చుక్క ఒలకడం లేదు. అందుకే కాబోలు, ఎలీషబా నాయన యాకోబు మామ తరచూ గుర్తొస్తున్నాడు.

పొలం నుంచి వస్తూ మామ బండి దిగేవాడు కాదు. సొరకాయో, సజ్జకంకుల కట్టో బండి మీంచే తన ఇంటివైపు విసిరేవాడు. అది ఇంటి కప్పు దాటి వెనకున్న దానమ్మవ్వ పెరట్లో దబ్బున పడేది.

"పద్దెనిమిదేండ్ల కాపురం!" అని మగ్దలీనమ్మత్త గుమ్మంలో నిలబడి తల కొట్టుకునేది. "ఇంత వాకిలి కనపడలేదా నీకు?"

"చెయ్యి జారిందే."

"జారితే కాళ్ళకాడ పడతాది గానీ ఇల్లు దాటిపోతాదా?"

పోయి తెచ్చుకోవడానికి లేదు. పెరట్లో రాలింది పెరటివాళ్ళదే అని మా పల్లెలో కట్టుబాటు. చింతకాయలు, మునక్కాయల గొడవలు తేలక పెద్దలు ఎప్పుడో పెట్టారు. దాన్లో సొరకాయలు కూడా చేరతాయని పాపం వాళ్ళనుకోలేదు.

దానమ్మవ్వ ఒంటరిది. భర్త పోయిన ఏడు బంధువులు తలా ఒక శేరు జొన్నలిచ్చి, ఆ సంగతి ఊరంతా చాటుకున్నారు. "మనం చెయ్యి చాపితే వాళ్ళు నోరు చాపుతారు" అని ఆనాటి నుంచి ఆమె ఎవరి చేతి నుంచీ గింజ తీసుకోలేదు. క్రిస్మసుకు మిషను దొరసాని ఇవ్వబోయిన దుప్పటిని కూడా "నీ చలికుంచుకో తల్లీ" అని తిప్పి పంపింది.

మా పల్లెకు కొత్త గుడి కట్టిన ఏడు, ఇంకా మేం కర్నూలు జిల్లాలోనే ఉండి, ఆ కలెక్టరే మాకు దేవుడి తర్వాత దేవుడుగా ఉన్న రోజుల్లో, నాకూ ఎలీషబాకూ పెళ్ళి కుదిరింది. ఆదివారం గుడి ప్రతిష్ఠ, వెంటనే మా పెళ్ళి. పెళ్ళి చేసే మిషను దొరగారు ఆ ఒక్కరోజుకే వస్తారు. తప్పితే మళ్ళీ ఏడాదికి. గోడలు మట్టివి. పైన కప్పు పడకుండా వాన వస్తే గుడీ కరుగుతుంది, నా పెళ్ళీ కరుగుతుంది. గిద్దలూరు స్టేషను నుంచి బెంగుళూరు పెంకులు వచ్చేసరికే శుక్రవారమైంది. శనివారం పొద్దున నల్లమల మీద మబ్బు కూర్చుంది.

మేస్త్రీ హజరత్ వలి కప్పు మీదికెక్కి, "కింద నుంచి విసరను ఒకడు, పైన పట్టను ఒకడు. ఎవరు?" అన్నాడు.

మామ అప్పటికే పెంకులబండి పక్కన నిలబడి చేతులు దులుపుకుంటున్నాడు.

"నువ్వొద్దు యాకోబన్నా, నీ కాళ్ళు మొక్కుతా!"

"నా బిడ్డ పెండ్లి జరిగే గుడికి నేను కాక ఎవరు విసరాల?"

పట్టే పని నా మీద పడింది. మార్కాపురంలో పలకల కార్ఖానాలో రెండేళ్ళు చేశాను గనుక పెంకులు నాకు లెక్కకాదని మేస్త్రీ నమ్మకం. పలకల్ని ఎవరూ నా మొహం మీదికి విసరలేదని చెప్పినా వినలేదు.

మొదటి పెంకు నా చెవి పక్కనుంచి కూతేసుకుంటూ పోయింది. వెనక్కి చూడటానికి ధైర్యం చాల్లేదు. తర్వాత నాలుగు తిన్నగా వచ్చాయి. ఊపిరి పీల్చుకునేలోపు ఆరోది కప్పు దాటిపోయింది.

"పట్టు రత్నం!" అని మామ కింద నుంచి కేక.

"నా చేతికి విసురు మామా, పడతా!"

"నీ చేతికే గదరా విసిరింది! నువ్వు కదిలినావు!"

నేను దూలాన్ని కాళ్ళతో చుట్టుకుని కూర్చున్నాను. కదలడం నా చేతుల్లో లేదు.

మేస్త్రీ నుదురు పట్టుకున్నాడు. "చెయ్యి బలమున్నోళ్ళకు గురి ఉండదు బేటా. బలం లేనోడు విసిరేముందు కాళ్ళు సర్దుకుంటాడు, నడుం తిప్పుతాడు, నీ చేతులు చూసి వదుల్తాడు. వీళ్ళకు అదంతా ఎందుకు? చెయ్యి ఉంది గదా అని కాళ్ళేడున్నా విసిరేస్తారు. ఎంత దూరమైనా పంపిస్తారు, ఏడ ఆగాల్నో మాత్రం చెప్పలేరు."

"ఇప్పుడేం చేద్దాం?"

"కలిమా చదువు. నీకు రాదు గదా, నీ ప్రార్థన నువ్వు చేసుకో."

చేసుకున్నాను. మబ్బు నల్లబడే కొద్దీ మామ వేగం పెంచాడు. పది నా చేతికొస్తే ఒకటి ఆకాశానికి పోయేది. పెంకులు కొలిచినట్టు సరిగ్గా తెప్పించారు. కింద నిలబడ్డ ఎలీషబా ఎగిరిపోయే పెంకుల్ని చూస్తూ పెదవి కొరుక్కుంటోంది. ఆమె నాయన చేతికీ నా చేతులకూ మధ్య ఆమె పెళ్ళి ఊగుతోంది.

పొద్దువాలేసరికి పని అయింది. తూర్పు మూల మంచమంత ఖాళీ మిగిలింది.

"పట్టను చేతకానోణ్ణి పెట్టి చెడిపోతిమి" అన్నాడు మేస్త్రీ నన్ను చూసి. విసిరినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. ఎండ కాసినందుకు సూర్యుణ్ణి తిట్టం గదా.

ఒకటో రెండో పగలకుండా దొరక్కపోతాయా అని గుడి వెనక్కి పరుగెత్తాను. మామ ఇంటికి లాగే గుడికీ వెనక దానమ్మవ్వ పెరడే. పెరట్లో మామ కొర్రగడ్డి వామి ఉంది. కళ్ళంలో చోటు లేదంటూ పది రోజుల కిందట తెచ్చి అక్కడ వేశాడు. కళ్ళమంతా ఖాళీగానే ఉందని అత్త అప్పుడే పోట్లాడింది.

దానమ్మవ్వ ఆ గడ్డిలో చెయ్యి పెట్టి గుడ్లు ఏరినట్టు పెంకులు ఏరుతోంది. ఒక్కదానికీ అంచు కూడా విరగలేదు. ఆమె గుడిసె మీద సగం తాటాకు తీసి ఉంది. నిచ్చెన వేసి ఉంది.

"అవ్వా, అవి గుడివి."

"పెరట్లో రాలింది ఎవరిది కొడకా?"

వామి వైపు చూశాను. గుడి ముందు నుంచి ఆ వామి కనపడదు. కనపడని వామి మీద, నా తల మీదుగా, ఒక్కటి కూడా పక్కకు పడకుండా వేశాడు. ఈయనకా గురి లేదు?

బండికాడికి పరుగెత్తుకొచ్చాను. "మామా! నీకు గురుంది!"

మామ మొహం పాలిపోయింది. ఆయన అంత భయపడటం నేనెన్నడూ చూడలేదు. నా నోరు మూసి చుట్టూ చూశాడు.

"గట్టిగా అనొద్దురా! పద్దెనిమిదేండ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు! గురుందని తెలిస్తే ఆ ముసల్ది రేపట్నించి సొరకాయ కూడా ముట్టదు!"

"మరి అయ్యగారి కళ్ళజోడు?"

"అప్పుడప్పుడు వేరేవాళ్ళక్కూడా తప్పాల గదా. ఒక్క దానమ్మకే తప్పితే అనుమానం రాదూ?"

"గుడి కప్పు ఖాళీ పడింది మామా!"

"దేవునికి ఆకాశమే కప్పు రా. దానమ్మకు అదే అయితే ఎట్ల?"

అప్పటికప్పుడు తన కొట్టం మీది తాటాకు లాగి గుడి మూలన తనే కప్పాడు. మర్నాడు పెళ్ళి జరిగింది. దొరగారు "ఆమెన్" అంటుండగా వాన మొదలైంది. గోడలు నిలిచాయి. తాటాకు మాత్రం సరిగ్గా నా తల మీదే కారింది. కొంగు చాటున ఎలీషబా నవ్వడం నాకు వినపడింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆ నవ్వు వింటూనే ఉన్నాను. రహస్యం మాత్రం మామ పోయేదాకా ఆమెకు కూడా చెప్పలేదు.

చెప్పాక తెలిసింది, ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసట.

దానమ్మవ్వ సంగతి మాత్రం పెళ్ళి రోజే తేలింది. వాన తగ్గాక దీవించడానికి వచ్చి, నా తల నిమిరి, చెవిలో నెమ్మదిగా చెప్పింది.

"ఇల్లంతా బాగుంది కొడకా. పొయ్యి మూల ఒక్కటే కారతాంది. మీ మామకు చెప్పు, ఈసారి తప్పేది కొంచెం ఎడమకు తప్పమని."