‘పోయిండు’ అన్న మాటకు వివరణ

సిరిసిల్లలో ఉమారాణి చాలా ఏళ్లు ఫ్లెక్సీల దుకాణంలో డీటీపీ చేసింది. పెళ్లి పత్రికలైనా, వర్ధంతి ఫ్లెక్సీలైనా మాటలు ఆమెవే. చావు అన్న మాట మాత్రం ఎన్నడూ టైపు చేయలేదు. ఆ మర్యాదే తర్వాత ఆమెను ఇరుకున పెట్టింది.

ఆమె మరమగ్గాల సంఘం ఆఫీసులో చేరిన ఏడాదే సంఘానికి ఏఐ ఏజెంట్ వచ్చింది. సభ్యులు వాట్సాప్‌లో పంపే కబుర్లు చదివి, తనకిచ్చిన టూల్స్‌లో తగినది ఎంచుకుని పని చేసిపెడుతుంది. మీటింగులకొక టూల్, శుభాకాంక్షలకొకటి, సంతాపానికొకటి. దాన్ని తయారుచేసిన శ్యాంసుందర్ జగిత్యాలలో ఉంటాడు. ఏ టూల్ ఎందుకో ఏజెంట్‌కు అర్థమయ్యేలా వివరణ రాసే పని ఉమారాణికి అప్పగించాడు. సంతాపం టూల్ కింద ఆమె ఇలా రాసింది: “సభ్యులెవరైనా పోయినప్పుడు అందరికీ తెలిపి, సంతాప సభ ఏర్పాటు చేస్తుంది.”

ఒక పొద్దున కళావతి సంఘం నంబరుకు రాసింది: “మా ఆయన సాంబయ్య కోరుట్ల పోయిండు. మీటింగ్‌కు రాడు.” రాసి, తాళం వేసి, పెగడపల్లిలో చుట్టాలింటికి వెళ్లింది.

ఏజెంట్ ఆలస్యం చేయలేదు. “మన సభ్యులు సాంబయ్య గారు ఇక లేరని తెలుపుటకు చింతిస్తున్నాము. సాయంత్రం సంఘం హాలులో సంతాప సభ” అని అందరికీ పంపింది. ఫ్లెక్సీకి ఆర్డర్ కూడా పెట్టింది. ఉమారాణి అది చదివి కన్నీళ్లు పెట్టుకుంది. ఇంటికి వెళ్లినవాళ్లకు తాళం కనిపించింది, కళావతి ఫోన్ కలవలేదు. చనిపోయినవాడికి ఫోన్ చేయాలని ఎవరికీ తోచలేదు.

కోరుట్లలో కూతురింట్లో చాయ్ తాగుతున్న సాంబయ్యకూ ఆ సందేశం అందింది.

“అయ్యో, మా సంఘంల ఇంకో సాంబయ్య, ముస్తాబాదాయన పోయిండట బిడ్డా. మంచోడు,” అని బాధపడి, వెంటనే బస్సెక్కాడు. దారిలో ఒక పూలదండ కొన్నాడు.

హాలులోకి వచ్చి ఫ్లెక్సీ చూసి అదిరిపడ్డాడు. “గీ ఫొటో నాదే గదా!”

అప్పుడు రెండు నిమిషాల మౌనం నడుస్తోంది. కాబట్టి ఎవరూ జవాబు చెప్పలేదు. మౌనం ముగిశాక ఉమారాణికి నోరు పెగిలింది.

“మామా, నువ్వు పోలేదా?”

“పోయిన. మళ్లచ్చిన.”

పక్కింటి పరశురాములుకు, సాంబయ్యకు చాలాకాలంగా మాటల్లేవు. పరశురాములు సంతాపం రాసుకొచ్చిన కాయితం మెల్లగా జేబులో పెట్టుకోబోయాడు.

“ఆపకు పరశురాములూ, చదువు. నేనింట,” అంటూ సాంబయ్య తన ఫొటో పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

“సాంబయ్యన్న మగ్గం మీద ఉంటే పోగు తెగేది కాదు. గసుంటి మనిషి మళ్ల దొరకడు...” ఈ చివరి మాట పరశురాములు కాయితం చూడకుండానే అన్నాడు.

“గీ మాట నిన్న చెప్తే ఏమాయె?” అన్నాడు సాంబయ్య కళ్లు తుడుచుకుంటూ.

ఉమారాణి ఏజెంట్‌తో, “సాంబయ్య బతికే ఉన్నడు, అందరికి చెప్పు,” అంది. అందుకు టూల్ లేదు. ఏజెంట్ దగ్గరగా ఉన్నదాన్ని వెతుక్కుంది. శుభాకాంక్షల టూల్ కింద “ఇంట్లోకి కొత్త ప్రాణం వచ్చినప్పుడు” అని ఆమే రాసింది. క్షణంలో అందరి ఫోన్లూ మోగాయి: “సాంబయ్య గారు జన్మించిన శుభవేళ తల్లిదండ్రులకు అభినందనలు.”

ఆమె జగిత్యాలకు ఫోన్ చేసింది.

“అక్కా, దానికి మన మర్యాదలు ఎర్కలే,” అన్నాడు శ్యాంసుందర్. “ఎప్పుడు వాడాల్నో, ఎప్పుడు వాడద్దో, రెండూ సక్కగ రాయి. పంపిన మాట వెనక్కి తీసుకునే టూల్ నేను చేస్త.”

మర్నాడు ఆమె రాయడానికి కూర్చుంది కానీ చావు అన్న మాట దగ్గరే ఆగిపోయింది. సాంబయ్య పక్కనే కూర్చున్నాడు.

“సావు అని రాయి బిడ్డా, ఏంగాదు. నేనైతే చూసొచ్చిన.”

అప్పుడు రాసింది: “సభ్యుడి చావుకే వాడాలి. ఊరికి పోయిండంటే బతికే ఉన్నాడు. కరెంటు పోయినా, మోటరు పోయినా వాడకూడదు. ఏ సందేశమైనా పంపేముందు ఇంటివాళ్లను అడగాలి. వాళ్లు అవునంటేనే పంపాలి.”

కొన్నాళ్లకు పరశురాములు సంఘానికి రాశాడు: “సాంబయ్య పని అయిపోయింది. వచ్చి తీసుకపోండ్రి.” నేసిన బట్ట గురించి అతని మాట. ఏజెంట్ ఏదీ పంపకుండా ముందు కళావతిని అడిగింది: “సాంబయ్య గారు బతికే ఉన్నారా? దయచేసి నిర్ధారించండి.”

కళావతి వాయిస్ మెసేజ్ పెట్టింది. “ఉన్నడు. కూరల ఉప్పు లేదని పొద్దటిసంది లొల్లి పెడుతుండు.”