రెండుసార్లు వచ్చిన పేర్లు

సునామీ వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. మేం పోర్ట్‌బ్లెయిర్‌లోని హాడోలో ఉండేవాళ్ళం. నాన్నకు కార్ నికోబార్ దీవిలో టీచరు ఉద్యోగం. ఆయన కబురే లేదు. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళ పేర్లు కంప్యూటర్లో పెడుతున్నారని విని, అమ్మా నేనూ గోల్ ఘర్‌లో ఇంటర్నెట్ షాపుకి పరుగెత్తాం.

ఒక్కో పేజీలో కొన్నే పేర్లు. కింద బటన్ నొక్కితే తర్వాతి పేజీ. నేను పైకి చదువుతుంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. ఒక పేజీ చివర చదివిన పేర్లే తర్వాతి పేజీ మొదట్లో మళ్ళీ కనిపించాయి.

"ఈళ్ళ పేర్లు రెండేసిసార్లు వస్తన్నాయి. మీ నాన్న పేరు ఒక్కసారైనా రాదేటే?" అంది అమ్మ.

చివరి పేజీ కూడా అయిపోయింది. "బస్, అయిపోయాయి దీదీ, ఇంకేం లేవు" అన్నాడు షాపు భయ్యా. మేం లేచి వచ్చేశాం.

నాన్న ఇక రాలేదు.

ఇప్పుడు నేను అలా జాబితాలను పేజీలుగా పంపే ప్రోగ్రాములే రాస్తున్నాను. మొన్న అన్నం తింటూ అమ్మకు చెప్పాను. ఆ రోజు మనం చూస్తుండగానే జాబితా మొదట్లో కొత్త పేర్లు చేరాయనీ, అందుకే పాతవి తర్వాతి పేజీలోకి జరిగి మళ్ళీ కనిపించాయనీ.

అమ్మ కంచం పక్కకు జరిపింది. ఎందుకు చెప్పానా అని నేననుకునేలోపే అడిగింది.

"అయితే మనం మళ్ళీ మొదటి పేజీ చూడాల్సింది కదే?"